దొంగయను పేరు: చిత్రరచయిత నరసరాజుగారు

మన తెలుగు తల్లులు బిడ్డలను ముద్దుచేయు మాటలలో ‘దొంగ’ యనునది యొకటి. తలుపుచాటునుండి తొంగిచూచి నవ్వు పసివానిని ‘ఓరి దొంగా’ యని యెత్తుకొనని యిల్లు లేదు. మా జనగామ జిల్లాలోని బమ్మెరకు చెందిన పోతనామాత్యుడు భాగవత దశమస్కంధమున గోపికలచేత యశోదకు చెప్పించిన ఫిర్యాదులన్నియు నీ ముద్దుదొంగను గూర్చినవే. వెన్న పోయినదని మొరపెట్టుకొను ఆ యిల్లాండ్ర మాటలలో కోపముకంటె మురిపెమే హెచ్చు. అయితే ఆ మాటయే గడప దాటి యంగడివీధిలో వినబడినప్పుడు, పోలీసుల నోట వెలువడినప్పుడు, దాని యర్థము వేఱు. అచ్చట దానిలో ముద్దు లేదు, క్షమ లేదు, మరల నింటికి వచ్చు త్రోవయు తఱచుగా నుండదు.

ఈ రెండు మాటలకు నడుమనున్న దూరమును కొలిచి చూపిన చలనచిత్ర రచయిత యొకరు తెలుగునాట నుండిరి. ఆయన దాట్ల వెంకట నరసరాజుగారు. నేరమును కథావస్తువుగా గొన్న తొలినాటి తెలుగు సాంఘిక చిత్రములలో రెండింటికి, అనగా 1954 లో వచ్చిన ‘పెద్దమనుషులు’ చిత్రమునకును 1955 లో వచ్చిన ‘దొంగరాముడు’ చిత్రమునకును, సంభాషణలు కూర్చినది వారి కలమే. ఈ మాసము వారి రచనాజీవితమును గూర్చి ముచ్చటింపదలచితిమి.

నేరములు, దొంగతనములు గల సినిమాకథల ప్రసంగము స్త్రీల పత్రికలో నెందులకని కొందఱు పెద్దలడుగవచ్చును. నేరమన్నది పోలీసుఠాణాకును న్యాయస్థానమునకును సంబంధించినదని మన తలంపు. కాని నేరము చేసినవానికి తల్లియో, అక్కయో, చెల్లెలో, భార్యయో యుండును గదా! అతడు చెఱసాలలో ననుభవించు శిక్షను వారు వీధిలో ననుభవింతురు. నీళ్లకు పోయిన చోట మాటలు పడుదురు, పెండ్లిసంబంధములు తప్పిపోవును, అద్దెయిల్లు దొరకదు. న్యాయాధిపతి తీర్పులో వ్రాయని యీ శిక్షను నరసరాజుగారు తెరపైకి తెచ్చిరి. కావున వారి చరిత్రమునకు మన పుటలలో చోటు తగినదే.

నరసరాజుగారు 1920 లో గుంటూరు జిల్లాలో జన్మించిరి. యౌవనమున వారు ఎమ్. ఎన్. రాయ్‌గారి మానవవాదమునకు ఆకర్షితులైరి. మనుష్యుని కులముచేతను, సిరిచేతను గాక ఆలోచనచేతను, నడవడిచేతను తూచవలెనను నా భావము తరువాతి వారి కథలన్నింటను కానవచ్చును. చిత్రసీమకు రాకపూర్వము వారు రంగస్థల రచయితలు. వారి నాటకములలో నొకదాని పేరే ‘నాటకం’. రంగస్థలము వారికి రెండు విద్యలు నేర్పినది. మాట పొదుపుగా నుండవలెననుట మొదటిది. ఆ మాట నాడువాని బ్రతుకునుండి పుట్టవలెగాని రచయిత పాండిత్యమునుండి పుట్టరాదనుట రెండవది.

వారిని చలనచిత్రములకు తెచ్చినవారు దర్శకులు కె. వి. రెడ్డిగారు. ఈ పేరు మా జనగామవారికి మఱియొక కారణముచేత దగ్గఱిది. రెడ్డిగారు దర్శకత్వము వహించిన తొలిచిత్రము మన బమ్మెర కవి చరిత్రమైన ‘భక్తపోతన’. 1943 లో విడుదలయైన ఆ చిత్రమున చిత్తూరు నాగయ్యగారు పోతన పాత్ర ధరించిరి. 1947 లో ‘యోగివేమన’, 1951 లో ‘పాతాళభైరవి’ తీసిన పిమ్మట వారు సమకాలపు సంఘమును గూర్చిన కథ నెత్తుకొనిరి. దానికి మాటలు వ్రాయుటకు రంగస్థలమునుండి నరసరాజుగారిని పిలిపించిరి.

ఆ కథయే ‘పెద్దమనుషులు’. నార్వే దేశపు నాటకకర్త ఇబ్సెన్ 1877 లో ‘సంఘమునకు మూలస్తంభములు’ అను నర్థము గల పేరుతో నొక నాటకమును ప్రకటించెను. దాని ప్రేరణతో పుట్టిన తెలుగు కథ యిది. ఊరికి పెద్ద, మునిసిపల్ చైర్మన్, పేరు ధర్మారావు. అందఱు చేతులెత్తి మ్రొక్కు నతడు చాటున చేయు పనులు వేఱు. జంధ్యాల గౌరీనాథశాస్త్రిగారు ఆ పాత్ర ధరించిరి. ఊరిలో నిజము చెప్పువాడు తిక్కశంకరయ్య యొక్కడే. అతడు పిచ్చివాడని పేరుపడినవాడు గనుక నతని మాట నెవరును లెక్కచేయరు. రేలంగిగారు ధరించిన ఆ పాత్ర నాటి ప్రేక్షకులను కడుపుబ్బ నవ్వించినది. ఇంటికి పోయిన తరువాత ఆలోచింపజేసినది. భారతప్రభుత్వము 1954 వ సంవత్సరపు చిత్రములకిచ్చిన పురస్కారములలో తెలుగుచిత్రమునకు రాష్ట్రపతి రజతపతకము దీనికే దక్కినది.

ఈ తొలిచిత్రముననే నరసరాజుగారి తీరు తెలియవచ్చుచున్నది. దొంగయనగా చినిగిన చొక్కాయి తొడిగినవాడే కానక్కఱలేదు; పట్టుకండువా వేసికొని సభకు అధ్యక్షత వహించువాడును కావచ్చును. ఒకనికి ‘పెద్దమనిషి’ యని, మఱియొకనికి ‘దొంగ’ యని పేరిడునది సంఘమే. ఆ పేరులు రెండును తప్పు కావచ్చును. మొదటి చిత్రము పెద్దమనిషియను పేరును పరీక్షించినది. మరుసటి యేటి చిత్రము దొంగయను పేరును పరీక్షించినది.

దానిని గూర్చి చెప్పుటకు ముందు, అప్పటికి తెరపై నేరస్థుడెట్లుండెనో కొంచెము చూతము. తెలుగు టాకీ 1932 లో ‘భక్తప్రహ్లాద’తో మొదలైనది. తొలి సంవత్సరములలో తెరమీది పాపి రాక్షసుడు, శిక్షించువాడు భగవంతుడు. 1938 నాటి ‘మాలపిల్ల’, 1939 నాటి ‘రైతుబిడ్డ’ మన సంఘములోని యన్యాయమును వ్రేలుపెట్టి చూపినవి. అయినను, నేరము చేసినవానినే కథానాయకునిగా నిలిపి ‘వీడేల యిట్లయ్యెను?’ అని యడుగు కథ తెలుగున నరుదు. హిందీలో 1943 నాటి ‘కిస్మత్’ చిత్రమున అశోక్ కుమార్ జేబుదొంగగా నటింపగా, కలకత్తాలోని యొక థియేటరులో నది మూడేండ్లకు పైగా నాడినది. 1951 లో ఖ్వాజా అహ్మద్ అబ్బాస్‌గారు వ్రాసిన ‘ఆవారా’ వచ్చినది. బిడ్డ దొంగయగుట రక్తమువలననా, పెరిగిన చోటువలననా యని ఆ చిత్రము ప్రశ్నించినది.

ఈ రచనామార్గమున స్త్రీలును తొలినాటనే నడచిరని మన పాఠకురాండ్రు తెలిసికొనదగును. జర్మనీ దేశమున థియా ఫన్ హార్బో యనునామె తన భర్త ఫ్రిట్జ్ లాంగ్‌తో గలసి 1931 లో ‘ఎమ్’ అను చిత్రమును వ్రాసినది. పసిబిడ్డలను చంపు నొక హంతకుని కథ యది. హంతకుని పట్టుకొనుటతో కథ ముగియవచ్చును గదా! కాని చివర కానవచ్చునది బిడ్డలను పోగొట్టుకొన్న తల్లులు. ఏ శిక్షయు తమ బిడ్డలను తిరిగి తేజాలదనియు, పిల్లలను కనిపెట్టి యుండవలెననియు ఆ తల్లులు చెప్పుటతో చిత్రము ముగియును. నేరపు కథను తల్లి కన్నులతో చూచుట యనగా నిదియే.

ఇప్పుడు ‘దొంగరాముడు’ కథకు వత్తము. అక్కినేని నాగేశ్వరరావుగారు, దుక్కిపాటి మధుసూదనరావుగారు మొదలైనవారు నెలకొల్పిన అన్నపూర్ణా పిక్చర్స్ సంస్థకు నిదియే మొదటి చిత్రము. కె. వి. రెడ్డిగారు దర్శకులు. కథను దుక్కిపాటివారు, రెడ్డిగారు, నరసరాజుగారు కూర్చుండి పెంచిరి, మాటలు నరసరాజుగారివి. 1955 అక్టోబరు 1 న నది విడుదలయైనది.

రాముడు అల్లరి పిల్లవాడు. తల్లి, చెల్లెలు లక్ష్మి, తాను. అంతియే యా సంసారము. తల్లికి జబ్బుచేసినది. మందునకు డబ్బు లేక బాలుడు దొంగతనము చేసెను. పట్టుబడి బాలనేరస్థుల బడికి పంపబడెను. తల్లి మరణించినది. చెల్లెలు అనాథశరణాలయము చేరినది. పెద్దవాడైన రాముడు చెల్లెలి చదువునకై మరల దొంగతనము చేసెను, ఈసారి చెఱసాల. అతడు వెలికి వచ్చునప్పటికి లక్ష్మి యొక వైద్యుని యిల్లాలు. గౌరవముగల యింట కోడలైన చెల్లెలికి తానన్ననని చెప్పుకొనుటకు వానికి నోరు రాదు. కట్టకడపట తాను చేయని నేరము వానిమీద పడును. ‘మునుపు దొంగ గదా’ యను నొక్క మాటయే సాక్ష్యము. వానిని నమ్మినది కూరగాయలమ్ముకొను సీత. నాగేశ్వరరావుగారు రాముడు, సావిత్రిగారు సీత, జమునగారు లక్ష్మి, జగ్గయ్యగారు వైద్యుడు.

ఈ కథ తెలుగు స్త్రీలకు క్రొత్తదియు నగును, ప్రాతదియు నగును. పదునాఱవ శతాబ్దమున తెనాలి రామకృష్ణకవి తన ‘పాండురంగమాహాత్మ్యము’న నిగమశర్మయను నొక దుర్వ్యసనపరుని కథ చెప్పెను. వాని యక్క యత్తవారింటినుండి వచ్చి, తల దువ్వి, అన్నముపెట్టి, మంచిమాటలతో తమ్ముని దారికి తేజూచినది. అతడు విన్నట్లే నటించి, ఒకనాటి రాత్రి యింటిలోని నగలన్నియు మూటగట్టుకొని పాఱిపోయెను. ఆ మూటలో నక్కగారి ముక్కరయు నున్నది. ఆ యక్కకు కవి పేరైన పెట్టలేదు. అయినను నిగమశర్మకంటె ఆమెనే మనము తలచుకొందుము. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు ఆమె పేరనే యొక వ్యాసము వ్రాసిరి. నిగమశర్మ తనకొఱకు తోడబుట్టినదానిని దోచెను. రాముడు తోడబుట్టినదానికొఱకు పరులను దోచెను. ఇద్దఱి కథలోను నష్టపడినది ఆడబిడ్డయే. మంచి యుద్దేశముతో చేసిన దొంగతనమైనను చెల్లెలికి మేలు చేయలేదని నరసరాజుగారు దాచక చూపిరి. నేరమును వారు వెనుకవేసికొని రాలేదు. చేసిన ప్రతి దొంగతనమునకును రాముడు శిక్ష యనుభవించెను. శిక్ష ముగిసిన తరువాతను పేరు ముగియకపోవుటయే యన్యాయమని వారి వాదము.

ఈ రచన యెట్టి పనియో యొక మాట చెప్పుదుము. నవల వ్రాయువాడు తన గదిలో తానే రాజు. చిత్రరచయిత యట్లు గాడు. కథ యొకటి, దానిని దృశ్యములుగా విడదీసి వరుసజేయుట యొకటి, ఆ దృశ్యములకు మాటలు కూర్చుట యొకటి. మూటికిని వేఱువేఱు నేర్పులు కావలెను. కె. వి. రెడ్డిగారు చిత్రీకరణకు ముందే వ్రాతప్రతి నంతయు ముగింపజేసి, ఏ దృశ్య మెంతసేపు నడచునో గడియారము పట్టి లెక్కించు పద్ధతిగలవారు. అట్టివారి కడ ఒక్క వ్యర్థవాక్యమునకైనను చోటు లేదు. ఆ క్రమశిక్షణలో నరసరాజుగారి మాట మఱింత పదునెక్కినది. కూరలమ్ము సీత మాట కూరలమ్ముదాని మాటయే. వైద్యుని మాట చదువుకొన్నవాని మాటయే. ఆర్. నాగేశ్వరరావుగారు ధరించిన బాబులు అను దుష్టుని మాటలు వీధిపిల్లల నోట చాలకాలము నిలిచినవి. దుష్టునిచేత గర్జింపజేయక, నవ్వుచు బెదరింపజేయుట యందలి నేర్పు.

తరువాత నరసరాజుగారు నేరపు కథలకే కట్టుబడి యుండలేదు. 1962 లో ‘గుండమ్మకథ’కు మాటలు వ్రాసిరి. సవతికూతురిని పనిమనిషిగా జేసిన గుండమ్మ కథ మనకందఱకు తెలిసినదే. ఏ చట్టమును దానిని నేరమనలేదు గాని, రచయిత దానిని నవ్వించుచునే నేరమని చెప్పకచెప్పిరి. 1964 లో వచ్చిన ‘రాముడు భీముడు’ కథ వారిదే. ఆ వ్రాతప్రతిని కొందఱు నిర్మాతలు వలదనిరి, తుదకు డి. రామానాయుడుగారు తమ సురేష్ సంస్థకు మొదటి చిత్రముగా దానిని తీసిరి. అందును కొరడా పట్టినవాడు బయటి దొంగ గాడు, అక్క మగడు. ఆస్తిని, బావమఱదిని తన పిడికిట బెట్టుకొన్న యింటిదొంగ. మగనికిని తమ్మునికిని నడుమ నలిగిన అక్క మరల మన నిగమశర్మ యక్కకు చుట్టమే. ఆ కథ తమిళమున 1965 లోను, హిందీలో ‘రామ్ ఔర్ శ్యామ్’ పేర 1967 లోను తీయబడి యన్నిచోట్లను గెలిచినది. 1977 లో ‘యమగోల’ వ్రాసి యమలోకపు ధర్మాసనమునే నవ్వులపాలు చేసిరి. ‘ఈనాడు’ పత్రికలో ‘అక్షింతలు’ అను శీర్షికను నడపిరి. 2006 లో వారు స్వర్గస్థులైరి. సుమారు అర్ధశతాబ్దపు రచనాజీవితమది.

వారి ‘దొంగరాముడు’ వచ్చి డెబ్బది యేండ్లు నిండినవి. నేడా కథ మనకేమి పనికివచ్చును? మా పేటలో కొన్ని మాసముల క్రిందట జరిగిన యొక సంగతి చెప్పుదుము. పదేండ్ల బాలుడొకడు ఒక దుకాణమున గల్లాపెట్టెనుండి కొన్ని రూపాయలు తీసి పట్టుబడినాడు. నలుగురు మూగిరి. చెంపపెట్టు పడినది. ఒక యువకుడు ఫోను తీసి వాని ముఖమును చిత్రింపసాగెను. ఆ సాయంకాలమునకు ఊరంతయు చూచునన్న మాట. అంతలో పూలమ్ముకొను ముసలామె యొకతె నడుమకు వచ్చి ఫోనుకు చేయి యడ్డము పెట్టి, ‘వాడు దొంగ గాదు బిడ్డా, ఇయ్యాల దొంగతనం జేసిండు. గంతే’ అన్నది. ఆమె చదువుకొన్నది కాదు. కాని ఆ రెండు వాక్యములలో నున్న భేదము పెద్ద న్యాయశాస్త్రము. చేసిన పనికి పేరు పెట్టవచ్చును; దండింపవచ్చును. చేసినవానికి జీవితమంతయు మోయు పేరు పెట్టరాదు.

ఇది వట్టి జాలిమాట కాదు. చట్టమే యిట్లు చెప్పుచున్నది. మన పూర్వులు 1920 లోనే చెన్నరాజధానిలో బాలల చట్టము చేసి, తప్పుచేసిన పిల్లలను పెద్దలతోబాటు చెఱసాలలో నుంచరాదని తలచిరి. నేడు దేశమంతట నమలులోనున్న 2015 నాటి బాలన్యాయచట్టము పదునెనిమిదేండ్లు నిండని వారిని గూర్చి యింకను దూరము పోయినది. అట్టి బిడ్డలను గూర్చి నిందార్థముగల పదములు వాడరాదని అది విధించుచున్నది. ‘నేరస్థుడు’ అనుటకు మాఱుగా ‘చట్టముతో సంఘర్షణలో నున్న బాలుడు’ అని వ్యవహరించుచున్నది. మిక్కిలి ఘోరమైన కొన్ని నేరములను మినహాయించి, నిర్ణీతకాలము గడచిన పిమ్మట ఆ బిడ్డ తప్పునకు సంబంధించిన వ్రాతలను నశింపజేయవలెననియు, ఉద్యోగములకది యడ్డు రారాదనియు అందు గలదు. బిడ్డ పేరును, రూపును ప్రకటించుట శిక్షకు లోనగు తప్పు. అనగా, పూలమ్మ యడ్డుపెట్టిన చేయి చట్టము చేయియే. రాజ్యము తన పుస్తకమునుండి తుడిచివేయుదునన్న పేరును మనము ఫోనులలో దాచి యుంచుచున్నాము.

ఇంకొక మాట. మా జనగామలో పిల్లలిప్పుడు చిత్రము చూచుటకు థియేటరుకు పోనక్కఱలేదు. అఱచేతిలోనే యన్నియు గలవు. అందు చంపువాడు వీరుడుగా, దోచువాడు దొరగా కానవచ్చు కథలు తక్కువ గావు. వానిని చూడవలదని కట్టడిచేయుట యొక్కటే యుపాయమని మేము తలపము. ప్రక్కన గూర్చుండి చూచి, ఒక్క ప్రశ్న యడుగుడు: ‘వీనికి చెల్లెలుండినచో ఆమె గతి యేమి?’ నరసరాజుగారు కథ వ్రాయుటలో నడిగినది ఆ ప్రశ్నయే. దానికి బదులు చెప్పలేని కథ వట్టి తుపాకిమ్రోత యని బిడ్డకే తెలియును. వీలైనచో ఆ ప్రాత ‘దొంగరాముడు’ను ఒక యాదివారము నింటిల్లిపాదియు గలసి చూడుడు. నలుపు తెలుపుల చిత్రమని మొదట పిల్లలు మూతి ముడుతురు గాని, రాముని యల్లరి మొదలైనంతనే సర్దుకొని కూర్చుందురు.

సోదరీమణులారా, ‘దొంగ’ యను మాట మొదట మన నోటిది. ఉయ్యాలలోని బిడ్డకు మన మిచ్చిన ముద్దుపేరది. ఆ బిడ్డ యొకనాడు తప్పుచేసి తలవంచుకొని గడపలో నిలిచినప్పుడు, వీధివారి నోటనుండి దానిని తిరిగి తీసికొనవలసినవారమును మనమే. తప్పును తప్పనుడు, తీసినది తిరిగి యిప్పింపుడు, దండింపవలసినచో దండింపుడు. అటుపిమ్మట వానిని పేరుపెట్టి యన్నమునకు పిలువుడు.